పదిమందిలో ఉమ్మలేనివాడు

ఏజెంట్ మోహన్‌రాజ్ చనిపోయిన మూడో రోజు, కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో ట్రావెల్ ఏజెన్సీ వెనకగదిలో గూఢచారి విభాగం చీఫ్ కమలాక్షి ఫైలు తెరిచింది.

"నోట్లో ఉన్నంతసేపు ఆ విషం ఏటీ సెయ్యదు. కడుపులో పడితే పది నిమిషాలే. ఒంట్లో ఆనవాలు కూడా దొరకదు."

పోర్టు రహస్యాలు అమ్ముకునే విదేశీ ముఠాకి నాయకుడు ఎంజో. పైకి ఇటాలియన్ వైన్ వ్యాపారి. కౌలాలంపూర్ రెస్టారెంట్లలో వైన్ ఎంపిక చేసే నిపుణులకి టేస్టింగులు పెడతాడు. వాళ్లలో గూఢచారి దూరాడని అనుమానమొస్తే ఒక సీసాలో విషం కలిపి అందరికీ పోయిస్తాడు. ఆ వృత్తిలో వాళ్లు రుచి చూసి బకెట్లో ఉమ్మేస్తారు. మింగేవాడే దొంగ. మోహన్‌రాజ్ మింగాడు.

"ఉమ్మడమే నీ మిషన్ లా," అంది చీఫ్, మలేషియా వాళ్ల అలవాటు కొద్దీ చివర 'లా' తగిలించి.

ఏజెంట్ తినగరన్ తలూపాడు. అతనికి కరాటే వచ్చు, కఫ్‌లింక్‌లో కెమెరా ఉంది, వైన్ నిపుణుడినని నకిలీ సర్టిఫికెట్టూ ఉంది. పదిమందిలో ఉమ్మడం మాత్రం రాదు. బంటింగ్ ఊళ్లో అతన్ని పెంచిన అమ్మమ్మ దాలమ్మ, ఒకరు పోసింది ఉమ్మితే వాళ్లని అవమానించినట్టేనని వీపు వాచేలా నేర్పింది.

మధ్యాహ్నం మూడింటికి ఒక హోటల్ పైఅంతస్తులో టేస్టింగ్. వైన్ పోస్తున్నది ఎర్ర గౌనులో రాగిణి, ఎంజోకి కుడిభుజం. తినగరన్‌తో బంటింగ్‌లో కలిసి పెరిగిన పిల్లే, అతన్ని 'తినా' అని పిలుస్తుంది. మన మనిషినని చెప్పుకుంటుంది గాని, నిజంగా ఎవరి మనిషో చీఫ్‌కే తెలియదు. విషం సీసా వస్తే ఆమె చెప్పాల్సిన కోడ్‌వర్డ్ 'బంటింగ్‌లో వాన'.

మొదటి గ్లాసు నోట్లోకి తీసుకుని, బకెట్ వైపు వంగి, మింగేశాడు. రెండోదీ అంతే. ఐదో గ్లాసుకి మత్తెక్కి బల్ల అంచు పట్టుకున్నాడు. ఛీ, ఏం ఏజెంటు! ఎంజో చూస్తూనే ఉన్నాడు.

ఆరోది 'బరోలో' అనే ఎర్ర వైన్. నోట్లో పోసుకున్నాక వినబడింది రాగిణి గొంతు.

"బంటింగ్‌లో వాన పడతందట."

ఎంజో బకెట్ పక్కకి జరిపి ఎదురుగా నిలబడ్డాడు. రుచి ఎలా ఉందో చెప్పమని నవ్వుతూ అడిగాడు. మిగతా తొమ్మిదిమందీ ఉమ్మేసి ఇటే చూస్తున్నారు. తినగరన్‌కి చెయ్యి లేవలేదు, కాలు కదల్లేదు. గొంతు పాత అలవాటు కొద్దీ తెరుచుకుంటోంది. ఇంకో క్షణంలో తాను మింగేస్తాడని, దాన్ని ఆపడం తన వల్ల కాదని అతనికి తెలుస్తూనే ఉంది. భయంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

రాగిణి గ్లాసు తుడుస్తూ, అక్కడ మరెవరికీ అర్థంకాని తెలుగులో మెల్లగా అంది.

"ఉమ్మీరా తినా. దాలమ్మకి నాను సెప్పుకుంటాను."

ఉమ్మాడు. మొత్తం ఎంజో తెల్లచొక్కా మీద పడింది.

కఫ్‌లింక్ కెమెరాలో చూస్తున్న చీఫ్ మనుషులు ఎంజోని లిఫ్టు దాకా కూడా పోనివ్వలేదు. ఇన్నాళ్లూ ఏ శవంలోనూ దొరకని విషం ఆ చొక్కా మీద మరకలో సాక్ష్యంగా దొరికింది.

రాగిణి మాట తప్పలేదు. ఆ సాయంత్రమే దాలమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆవిడ విషం సంగతీ, దేశం సంగతీ ఓపిగ్గా విని, మనవడికి ఫోన్ ఇమ్మంది.

"సరే, పేనం మీదికొచ్చింది, ఉమ్మినావు. తెల్లసొక్కా మీదేట్రా?"