ముల్లు ఆడిన అబద్ధం

కారు మంటల్లో కాలుతూ, రెయిలింగ్ విరగ్గొట్టుకుని లోయలోకి దూకినప్పుడు కూడా డాష్‌బోర్డు మీద ఆయిల్ ప్రెషర్ ముల్లు ఏమీ ఎరగనట్టు నిక్షేపంగా నిలబడే ఉంది.

స్టీరింగ్ ముందున్నవాడు సీక్రెట్ సర్వీసులో అందరికంటే గట్టి డ్రైవరు. అందరూ పెద్దోడు అని పిలిచేవారు. బానెట్ అంచున సన్నగా పొగ కనిపించగానే అతను ముల్లు వంక చూశాడు. ముల్లు బాగానే ఉందంది. నమ్మి, మలుపు తిప్పాడు. మరుక్షణం అద్దం నిండా నిప్పు. డాష్ కెమెరాలోని మెమరీ కార్డు మిగిలింది. మనిషి మిగల్లేదు.

ఆ వీడియోని పెద్దోడి తమ్ముడు రెప్ప వేయకుండా చూశాడు. అతనూ అదే సర్వీసులో ఏజెంటు. అన్న పెద్దోడు కాబట్టి అతను చిన్నోడయ్యాడు. నలభై దగ్గర పడుతున్నా ఆ పేరు పోలేదు.

"ఇంకోసారి వెయ్యమంటావా?" అన్నాడు చీఫ్. సర్వీసులో ఆయన్ని పెద్దాయన అంటారు.

"చాలు సార్."

"యాక్సిడెంట్ అనుకున్నాం. కాదు. మేడమ్, చెప్పండి."

ల్యాబ్ మేడమ్ టేబుల్ మీద కాలిన ఇంజన్ ముక్క పెట్టింది. "ఇది టర్బో, ఇంజన్‌లోకి గాలిని తోసేది. ఎగ్జాస్ట్ వేడికి నిప్పుకణికలా ఎర్రగా మారుతుంది. దీని బేరింగ్ కాలిపోకుండా ఇంజన్ నుంచి ఆయిల్ తెచ్చేది ఈ హోస్. పైన జడలా అల్లిన స్టీలు తీగ, లోపల ప్లాస్టిక్. వేడికి దూరంగా, క్లాంపులు వేసి తిప్పాలి. ఎవరో క్లాంపు తీసేసి, హోస్‌ని సరాసరి టర్బోకి ఆనించి కట్టారు. ఎత్తు ఎక్కేటప్పుడు లోపలి ప్లాస్టిక్ కరిగింది. మరిగే ఆయిల్ ప్రెషర్‌తో చిమ్మి ఎర్రటి ఇనుము మీద పడింది. తర్వాతది మీరు చూశారు."

"ఆయిల్ కారిపోతుంటే ముల్లు పడిపోవాలిగా?" అన్నాడు చిన్నోడు.

ఆవిడ బొటనవేలంత సెన్సార్ తీసి అతని అరచేతిలో పెట్టింది. "ఇది డమ్మీ. ప్రెషర్ కొలవదు. ఇంజన్ వేగాన్ని బట్టి ముల్లుని కాస్త పైకీ కిందికీ ఆడిస్తుంది. డ్రైవరు చచ్చేదాకా అంతా బాగుందనే చెబుతుంది."

చిన్నోడు పిడికిలి బిగించాడు. సెన్సార్ అంచు అరచేతిలో దిగింది.

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పటిలాగే ముక్కలు ముక్కలుగా సాగింది. చేసింది విదేశీ ముఠా. సర్వీసులో దాన్ని 'కంపెనీ' అంటారు. విషవాయువు తయారుచేసి అమ్మడం వాళ్ళ వ్యాపారం. ఆ కారులో పెద్దోడితోపాటు కాలిపోయినవాడు కంపెనీ నుంచి పారిపోయి వచ్చిన సాక్షి. ఇక ఒక్క సాక్షే మిగిలాడు, ఫార్ములా తెలిసిన కెమిస్టు. అతన్ని ఇవాళే ఘాట్ రోడ్డు మీదుగా కొండ అవతలికి దాటించాలి.

"నేనే తీసుకెళ్తున్నాను. మన కార్లన్నీ షెడ్డులో పెట్టించేశాను. మీ వదిన సొంత కారులో వెళ్తాం. నిన్న మేడమ్ బోల్టు బోల్టూ చూసింది. నడిపేది మీ వదినే."

చిన్నోడు మొహం గంటు పెట్టుకున్నాడు. "ఆవిడ చేతికి స్టీరింగ్ ఇస్తున్నారా సార్?"

"అందుకే నేను పక్క సీట్లో కూర్చుంటున్నాను. పిస్టల్ ఒళ్ళో పెట్టుకుని."

వదిన డబుల్ ఏజెంటు. కారు ర్యాలీ పోటీల్లో చాంపియన్‌. హెల్మెట్ తీసి జుట్టు విదిలిస్తే ఫోటోగ్రాఫర్లు బటన్ నొక్కడం మరిచిపోయేవారు. కంపెనీ ఆ అందాన్ని చూసి తనవైపు లాక్కుంది. అసలు సర్వీసే కావాలని ఆవిడని అటు పంపింది. ఇప్పుడు ఆవిడ ఎవరి మనిషో ఎవరికీ ఖాయంగా తెలియదు. భర్త పోయిన వారానికే లిప్‌స్టిక్ వేసుకుని కంపెనీ వాళ్ళ పార్టీకి వెళ్ళి నవ్వుతూ ఫోటోలు దిగింది. చిన్నోడు ఆ రోజు నుంచి ఆవిడతో మాట మానేశాడు.

"నీ పని వేరే," అన్నాడు పెద్దాయన. "ఊరి చివర ఒక ట్యూనింగ్ గ్యారేజీ ఉంది. కంపెనీకి అడ్డా అదేనని మీ వదిన చెప్పింది. వాళ్ళ కోడ్ మాట కూడా ఇచ్చింది. వెళ్ళి ఆ డమ్మీలు చేసేవాణ్ణి పట్టుకో. మేం కొండ దిగేదాకా ఫోన్లు ఆఫ్. సిగ్నల్ పట్టుకుని వెంటపడతారు."

* * *

మామగారి సొమ్ముతో కారు కొన్న షోకిలా అల్లుడి వేషం చిన్నోడికి భలే నప్పింది. బంగారు గొలుసు, సెంటు, మెరిసే కోటు. గ్యారేజీలో ఒక కారు పరీక్ష కోసం రోలర్ల మీద నిలబడి గర్జిస్తోంది. బానెట్ తీసే ఉంది. లోపల టర్బో ఎర్రగా వెలుగుతోంది. గుమ్మం బయట తెల్ల ర్యాలీ కారు తాళంతో సహా సిద్ధంగా ఉంది.

గ్యారేజీ యజమాని చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మెడ మీద పాత కత్తిగాటు. అందరూ బొంగురు అంటారు. నోరు విప్పగానే ఎందుకో తెలిసింది.

"ఏం కావాలి బాస్?"

"ఆయిల్ లైనుకి ఎర్ర స్లీవ్ తొడిగించాలి."

అదే కోడ్ మాట. 'ఎరుపు లేదు, నలుపు ఉంది' అనాలి అవతలివాడు. బొంగురు అలా అనలేదు. ఆప్యాయంగా నవ్వి, వెనక్కి చూసి తల ఊపాడు.

షట్టర్ ధడాలున కిందికి పడింది. వెనకనుంచి ఒక ఇనుప గొలుసు చిన్నోడి మెడకి చుట్టుకుంది. లాగుతున్నవాడు దున్నపోతులాంటి వెల్డరు. బొంగురు తాపీగా చిన్నోడి చంకలోని పిస్టల్ తీసుకున్నాడు, కోటు జేబు తడిమాడు. ఒక బొమ్మ పిస్టల్ లాంటిది దొరికింది.

"ఇదేంటి?"

"థర్మామీటర్," అన్నాడు చిన్నోడు గొంతు బిగుసుకుపోతుండగా. "ఇంజన్ వేడి చూసేది."

వెల్డరు పడీ పడీ నవ్వాడు. బొంగురు దాన్ని తిరిగి జేబులో పడేశాడు.

"వేషం మార్చినా మీ అన్న పోలిక దాగలేదు. ఆ ఎర్ర స్లీవ్ మాట మేం మీ వదినకి ఒక్కదానికే చెప్పాం. ఎవడైనా వచ్చి ఆ మాటంటే ఆవిడ మీ మనిషని అర్థం. అనుమానం ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు తీరిపోయింది."

చిన్నోడి కళ్ళు బైర్లు కమ్మాయి. గొలుసు వల్ల కొంత, ఆ మాట వల్ల కొంత.

"పొద్దున్నే వచ్చింది, రోజూలాగే. కాఫీ ఇచ్చాం. ఆ కాఫీ చల్లారేలోపు క్లాంపు తీసేసి హోస్‌ని టర్బోకి ఆనించేశాను. సెన్సార్ కూడా మార్చాను. మీ కార్లన్నీ షెడ్డెక్కాయి, ఇక కెమిస్టుని దాటించేది ఆవిడ కారులోనేగా. మీ పెద్దాయన, కెమిస్టు, మీ వదిన. ముగ్గురూ ఒకే పొయ్యిలో. మీ అన్నకి కట్టింది కూడా నేనే. చేతిపని ఎలా ఉంది?"

చిన్నోడు జేబులోంచి థర్మామీటర్ తీసి మీట నొక్కాడు. దాని లేజర్ ఎర్ర చుక్క బొంగురు కనుబొమల మధ్య నిలిచింది. అది ఏమిటో బొంగురుకి తెలుసు. అయినా తల పక్కకి జరిగింది. కళ్ళ మధ్య ఎర్ర చుక్క పడితే ఏ మనిషి మెడైనా దానంతటదే కదులుతుంది.

ఆ రెప్పపాటు చాలు. చిన్నోడు రెండు కాళ్ళూ రోలర్ల మీది కారు బంపర్‌కి తన్నిపెట్టి వెనక్కి తోశాడు. వెల్డరు నడుము బెంచీకి కొట్టుకుని ఎముక పటుక్కుమంది. గొలుసు వదులైంది. బెంచీ మీది కటింగ్ ప్లేయరు చిన్నోడి చేతికి చిక్కింది. బొంగురు పిస్టల్ ఎత్తేసరికి చిన్నోడు గర్జిస్తున్న ఇంజన్ మీదికి వంగి, టర్బోకి పోయే ఆయిల్ హోస్‌ని కసుక్కున కత్తిరించి, తెగిన కొనని బొంగురు మొహానికి తిప్పాడు.

మరిగే ఆయిల్ పిచికారీలా వెళ్ళి కళ్ళలో పడింది.

బొంగురు అరుపు మనిషి అరుపులా లేదు. గుడ్డిగా కాల్చాడు. మొదటి తూటా గోడకి, రెండోది వెల్డరు గొంతులో. వెల్డరు మెడ పట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతుండగా మోకాళ్ళ మీద కూలిపోయాడు. అప్పటికే ఎర్రటి ఇనుము మీద ఆయిల్ భగ్గుమంది. బొంగురు చొక్కా అంటుకుంది. అలా కాలుతూనే చిన్నోడి మీద పడి గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ నేల మీద దొర్లారు. చిన్నోడికి ఒక పెద్ద రెంచి అందింది. ఒక దెబ్బ కొట్టాడు. చెయ్యి ఆగలేదు. ఇంకోటి, ఇంకోటి. అన్న పేరు పెట్టి పిలుస్తూ కొట్టాడు. బొంగురు చేతులు ఎప్పుడో వదిలేశాయని ఆలస్యంగా తెలిసింది.

షట్టర్ ఎత్తుకుని బయటపడి ఫోన్ చేశాడు. స్విచ్డ్ ఆఫ్. అందరివీ. తెల్ల ర్యాలీ కారులోకి దూకాడు.

* * *

ఘాట్ రోడ్డు సగంలో వదిన కారు కనిపించింది. చిన్నోడు హారన్ మోగించాడు, లైట్లు కొట్టాడు. ముందు కారు ఒక్కసారి ఉలిక్కిపడినట్టై, బాణంలా దూసుకుపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది తను ఎక్కింది ఎవరి కారో. అది కంపెనీ కారని వదినకి తెలుసు. వెంటపడుతున్నది హంతకుడే అనుకుంటుంది. పారిపోవడానికి యాక్సిలరేటర్ తొక్కుతుంది. ఎంత తొక్కితే టర్బో అంత ఎర్రబడుతుంది. తను ఎంత తరిమితే వాళ్ళ చావు అంత దగ్గరవుతుంది.

ముందు కారు అడుగునుంచి లేత నీలి పొగ మొదలైంది. వదిన ముందున్న ముల్లు మాత్రం అంతా బాగుందనే చెబుతూ ఉంటుంది.

చిన్నోడు బ్రేకు తొక్కాడు. వదిన దూరమైపోయింది. పక్కన రోడ్డు పనివాళ్ళు లారీల కోసం వేసుకున్న మట్టిదారి, రెండు మలుపుల్ని తప్పించుకుని నిట్టనిలువుగా పైకి పోతోంది. కారుని అందులోకి దింపాడు. రాళ్ళు అడుగుని చీల్చాయి. అద్దం ఒకటి ఊడిపోయింది. ఒక చక్రం గాల్లో తేలుతుండగా పై రోడ్డు మీదికి ఎగిరిపడి, కారుని అడ్డంగా తిప్పి ఆపాడు. దిగి, చేతులు రెండూ పైకెత్తి రోడ్డు మధ్య నిలబడ్డాడు.

మలుపు తిరిగి వదిన కారు వచ్చింది. వేగం తగ్గలేదు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. చేతిలో పిస్టల్. ఒంటిచేత్తో స్టీరింగ్ పట్టుకుని ఆ వేగంలో గురి తప్పకుండా కాల్చగలిగింది ఆవిడ ఒక్కతే.

తూటా చిన్నోడి భుజం చీల్చుకుపోయింది. అతను గిర్రున తిరిగి పడిపోయాడు. పడుతూనే గొంతు చించుకుని అరిచాడు. "వదినా! నేనే!"

టైర్లు కీచుమన్నాయి. కారు అతని కాళ్ళకి జానెడు దూరంలో ఆగింది. వదిన తలుపు తోసుకుని దూకింది. వెనకే పెద్దాయన, పిస్టల్ ఎక్కుపెట్టి.

"ఇంజన్ ఆపు! బయటికి రండి! హోస్ కరిగిపోతోంది!" అని కేకపెట్టాడు చిన్నోడు.

వదిన ఇంకేం అడగలేదు. ఒక్క ఉదుటున లోపలికి వంగి తాళం తిప్పేసింది. అయినా బానెట్ కిందనుంచి 'బుస్' మని శబ్దం, ఆ వెంటనే మంట. వెనక సీట్లో కెమిస్టు తలుపుని పిడికిళ్ళతో బాదుతున్నాడు. సాక్షి పారిపోకుండా వదినే చైల్డ్ లాక్ వేసింది. మంటకి వైర్లు కాలి సెంట్రల్ లాక్ బిగుసుకుపోయింది, బయటి హ్యాండిల్ కూడా రావడం లేదు. చిన్నోడు బాగున్న మోచేత్తో అద్దం పగలగొట్టాడు. వదిన కెమిస్టు కాలర్ పట్టుకుంది. ఇద్దరూ కలిసి బస్తాని లాగినట్టు కిటికీలోంచి లాగారు. నలుగురూ గట్టు వెనక పడీ పడకముందే పెట్రోలు ట్యాంకు పేలింది. కారు తలుపు ఒకటి వాళ్ళ తలల మీదుగా లోయలోకి ఎగిరిపోయింది.

వదిన తన స్కార్ఫ్ చింపి చిన్నోడి భుజానికి కట్టు కడుతోంది. ఆవిడ మోచేతి వరకు చర్మం కమిలిపోయింది.

"అన్నయ్యది యాక్సిడెంట్ కాదు వదినా. ఇదే పని చేశారు. బొంగురు."

ఆవిడ చేతులు ఆగాయి. "వాడేడి?"

"లేడు."

"త్వరగా పోయాడా?"

"లేదు."

ఆవిడ తల ఊపి, ముడి గట్టిగా బిగించింది. చిన్నోడు మూలిగాడు.

"నేను నిన్ను అనుమానించాను," అన్నాడు, నేల చూపులు చూస్తూ.

"తెలుసు. ఆ పార్టీకి వెళ్ళకపోతే వాళ్ళకి అనుమానం వచ్చేది. ఇంటికొచ్చి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. మీ అన్న సబ్బు ఇంకా అక్కడే ఉంది." కళ్ళు తుడుచుకుని భుజం వంక చూసింది. "నువ్వు అనుమానించావు, నేను కాల్చాను. చెల్లుకి చెల్లు."

పెద్దాయన ఫోన్ ఆన్ చేసి కింద చెక్‌పోస్టుకి అంబులెన్సుని, గ్యారేజీకి మనుషుల్ని పురమాయించాడు. కెమిస్టు రోడ్డుకి అడ్డంగా ఉన్న తెల్ల ర్యాలీ కారు వైపు చెయ్యి చూపించాడు. "అదుందిగా సార్. ఎక్కి పోదాం."

పెద్దాయన ఒక అడుగు అటు వేసి ఆగాడు. "దీన్ని ఎక్కడ తయారుచేశారు చిన్నోడా?"

"ఆ గ్యారేజీలోనే సార్."

నలుగురూ ఆ బానెట్ వైపు చూశారు. అందులోంచి టిక్కు టిక్కుమని ఇంజన్ చల్లారుతున్న చప్పుడు. తాళం అందుకోవడానికి ఎవరి చెయ్యీ ముందుకి రాలేదు.

పెద్దాయన గొంతు సవరించుకుని, మసి పట్టిన కోటు బొత్తాలు పెట్టుకున్నాడు.

"డాక్టరు నన్ను రోజూ నడవమంటున్నాడు," అన్నాడు. "పదండి."