టాఫీ ఎవరిది?

బెరిల్ పెనం మీద గుడ్లు వేయిస్తుండగా పెరటి తలుపు తోసుకుని కూతురు లోపలికి వచ్చింది. మూడు నెలల తర్వాత రావడం. కోటు కూడా విప్పలేదు.

"టాఫీని తీసుకెళ్లడానికొచ్చానమ్మా," అంది హీథర్.

బెరిల్ పొయ్యి ఆపేసింది. టాఫీ అంటే ముంగిసను పోలిన తెల్లటి పెంపుడు జంతువు, ఫెరెట్. తల్లి చచ్చిపోయిన ఆ పసికూనని స్కూల్లో చదివే రోజుల్లో హీథర్ స్వెట్టర్‌లో దాచుకుని, ఇంకు ఫిల్లరుతో పాలు పట్టి బతికించింది. అది కూడా వెళ్లిపోతే, ఈ పిల్ల మళ్లీ ఈ గడప తొక్కడానికి వంకే ఉండదని బెరిల్‌కి తెలుసు.

బొగ్గు గని మూతపడ్డాక ఆమె భర్త నార్మన్‌కి మిగిలిన లోకమల్లా పెరట్లో చెక్క గూళ్లూ, వాటిలో ఫెరెట్లూ. ఆదివారం వస్తే వాటిని కుందేటి బొరియల్లోకి వదిలి, అవి తరిమిన కుందేళ్లు వచ్చి పడేలా బయట వలలు పరిచి కూర్చునేవాడు. ఆ ఊళ్లో మగాళ్లందరిదీ అదే వరస. అలాంటిది మూడు నెలల కిందట ఊరి ఫెరెట్ల పోటీలో, అతని స్నేహితులందరి ముందూ, "ముద్దుగా పెంచుకోవాల్సిన వాటి చేత హత్యలు చేయిస్తావా నాన్నా?" అని కడిగేసింది కూతురు. కుందేలు కూర తినే పెరిగావు, నా ఇంటికి రాకు అన్నాడు తండ్రి. తగ్గడం ఇద్దరికీ రాదు. పిల్లకి ఎవరి పోలికొచ్చిందో వేరే చెప్పాలా!

గూళ్లు కడిగి, చేతులు తుడుచుకుంటూ నార్మన్ లోపలికి వచ్చాడు.

"ఎవరొచ్చారు బెరిల్?" కూతురు ఎదురుగా ఉండగానే అడిగాడు.

"కళ్లు కనబడ్డం లేదా? నీ కూతురయ్యా!"

"నా కూతురైతే నలుగురిలో నన్ను హంతకుణ్ణి చేసుండేది కాదు."

"టాఫీ నాది," అంది హీథర్. "లీడ్స్ పట్నంలో గది తీసుకున్నా. అక్కడ నా మంచం మీద పడుకుంటుంది. నువ్వు దాన్ని కూడా బొరియల్లోకి తోసేస్తున్నావుగా?"

నార్మన్ ఏదో చెప్పబోయి పౌరుషంతో మింగేశాడు. "నా గూట్లో ఉన్నదాంతో నా ఇష్టం."

"మరి నా గదిలో ఉన్నవి? నా బట్టలన్నీ ఎవరికో ఇచ్చేయమన్నావట!"

"అన్నాను. లేనివాళ్ల బట్టలు ఇంట్లో ఎందుకు?"

"నార్మన్!" అని కేక పెట్టింది బెరిల్. కానీ ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. హీథర్ విసురుగా పెరట్లోకి వెళ్లి, గూడు తెరిచి, టాఫీని కోటు లోపల పెట్టుకుని వెనక దారిన నడిచింది.

ఆ దారి రైలు కట్ట పక్కనుంచి పోతుంది. కట్ట నిండా కుందేటి బొరియలే. ఆ వాసన తగలగానే టాఫీ చటుక్కున జారి కిందికి దూకి, ఒక బొరియలోకి దూరిపోయింది.

"నాన్నా!"

ఆ కేకకి నార్మన్ చెప్పుల్లేకుండానే పరుగెత్తాడు.

"ఈల వెయ్యి నాన్నా, మిగతావాటిలాగే వచ్చేస్తుంది!"

"రాదు. దాన్ని ఒక్కనాడూ బొరియలో వదల్లేదు. నీదని. లోపలికి దూరడం పుట్టుకతో వచ్చింది, బయటికి రావడం ఎవరు నేర్పారు?"

ఫెరెట్ లోపలే ఉండిపోతే వేటగాళ్లు కోటు విప్పి బొరియ ముందు పెడతారని హీథర్ చిన్నప్పుడు చూసిందే. మనిషి వాసన పట్టుకుని అది కోట్లోకి వచ్చి చేరుతుంది. గబగబా తన కోటు విప్పి పరిచింది.

నార్మన్ దాన్ని వాసన చూసి తల అడ్డంగా ఊపాడు. "కొత్తది. కొట్టు వాసన. ఇందులో నువ్వు లేవు."

"పాతవన్నీ ఇచ్చేయించావుగా!" పిల్ల భోరున ఏడ్చేసింది.

నార్మన్ పెరట్లోకి వెళ్లాడు. టాఫీ గూట్లో చెయ్యి పెట్టి, గడ్డి కిందనుంచి ఒక నీలం స్కూలు స్వెట్టర్ లాగి తెచ్చాడు. మోచేతుల దగ్గర చిల్లులు, ఒళ్లంతా తెల్ల బొచ్చు.

"దీనికోసమా నేను ఇల్లంతా వెతికింది!" వెనకే వచ్చిన బెరిల్ నోరు నొక్కుకుంది. "ఉతుకుదామంటే కనబడలేదు."

"ఉతికితే ఏముంటుంది దాంట్లో?" నార్మన్ కూతురి వైపు చూడలేదు. "నువ్వెళ్లాక టాఫీ తిండి ముట్టలేదు. అందుకని పక్కలో వేశాను. దాని కోసమే."

హీథర్‌కి అంతా అర్థమైంది. స్వెట్టర్ అందుకుని బొరియ ముందు పరిచి, తండ్రి పక్కనే తడిగడ్డి మీద కూర్చుంది. మధ్యాహ్నం దాటాక మట్టి కొట్టుకున్న ముక్కొకటి బయటికి వచ్చింది. అటూ ఇటూ వాసన చూసి, టాఫీ స్వెట్టర్ చేతిలోకి దూరి ముడుచుకుంది.

"తీసుకెళ్లు," అన్నాడు నార్మన్. "నీదే."

"ఇక్కడే ఉండనీ నాన్నా. ఆదివారం ఆదివారం నేనే వస్తా."

"ఆదివారం నేను వేటకెళ్తాను."

"తెలుసు. వచ్చాక పోట్లాడుకుందాం."

నార్మన్ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

వంటింట్లోకి అడుగు పెట్టగానే బెరిల్ ముక్కు మూసుకుంది. "అబ్బ, ఏం కంపే! ఆ స్వెట్టర్ ఇలా ఇవ్వు, ఉతికి పడేస్తా."

"ఉతక్కు!" తండ్రీ కూతుళ్లు ఒక్కసారే అరిచారు.