మూడో కుర్చీ

ఉజ్వల మూడో కుర్చీని గదిలోకి లాగగానే గోడ ఎప్పటిలాగే గొణిగింది. "అదనపు ఆసనం. తొలగించండి."

"నోర్మూసుకో," అంది ఉజ్వల, ఆమె కూడా ఎప్పటిలాగే.

జంటలకు వైద్యం చేసే బంధశాలలో గదులన్నీ ఇద్దరికే కట్టారు. ఒకరికొకరు చెప్పుకుని, ఇష్టపడి ముగ్గురుగానో నలుగురుగానో బతికేవాళ్ల మాట వినే మనోవైద్యురాలు ఊరు మొత్తానికి ఆమె ఒక్కతే. మీలో ఏ లోపమూ లేదని ఆమె ఎంత చెప్పినా, వైద్య చీటీ మీద మాత్రం 'బంధరోగం' అనే పడుతుంది; ఆ ముద్ర ఉన్న ఇంటివాళ్లను ఆసుపత్రిలో ఒకరినొకరు చూడనివ్వరు. ఒక రకం ఇంటి గురించి మొదటి వైద్యుడు మూలపత్రంలో ఏం రాస్తే, పోలికలు చూసే సామ్యయంత్రం అలాంటి ఇళ్లన్నిటికీ అదే అంటిస్తుంది. ఆ మొదటి ఇల్లు ఉజ్వల, ఆమె భర్త శ్రీకర్, ఫిరోజ్‌లది. రాసిన వైద్యుడు పానకాలరావు.

ఆ ఉదయం తలుపు తోసుకుని వచ్చింది ఆయనే. వెంట భార్య సత్యవాణి. మూడో కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

"ఇమ్మానుయేలు మా ఇంట్లో మూడో మనిషమ్మా, పన్నెండేళ్ల నుంచీ," అంది సత్యవాణి. "మధ్యాహ్నం గుండె ఆపరేషను. వార్డు తలుపు మమ్మల్ని రానివ్వట్లేదు."

"తొమ్మిదేళ్ల కిందట మాకు రోగమని రాసినప్పుడు కూడా ఉన్నాడన్నమాట," అంది ఉజ్వల.

పానకాలరావు తల వంచుకున్నాడు. "ఉద్యోగం పోతుందని భయపడ్డాను. మా ఒక్క ఇంటికి మినహాయింపు రాయమ్మా. నీ చేతిలో పనే."

 ఫిరోజ్ బతికిన చివరి మూడు రోజులూ ఉజ్వల, శ్రీకర్ ఆ తలుపు బయటే నిలబడ్డారు.

"రాయను. మూలపత్రం మార్చండి. రాసిన వేలే మార్చాలి."

"పదకొండు వేల ఇళ్లకు నా పేరుతో తప్పొప్పుకోలు వెళ్తుంది. నన్ను బతకనిస్తారా?"

"చేసుకున్నవారికి చేసుకున్నంత, డాక్టరుగారూ."

ఇమ్మానుయేలు ఏం పాపం చేశాడని ఒక్క క్షణం అనిపించింది. అయినా మూలపత్రం తెరిచి ఉన్న పలకను ఆయన ముందుకే తోసింది.

"వెయ్యండి," అంది సత్యవాణి. "తను లోపల ఒక్కడే ఉన్నాడు."

ఆయన వేలిముద్ర వేశాడు. గోడ మూడు కుర్చీలనూ మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత, "ఆసనాలు సరిపోయాయి," అంది. సత్యవాణి అప్పటికే ఆసుపత్రికి పరుగెత్తింది.

పానకాలరావు కూడా లేవబోయాడు. అంతలో పలక మోగింది. మొదటి ఇల్లు ఉజ్వలదే కనుక మొదటి కబురు ఆమెకే వచ్చింది. ఆమె దాన్ని ఆయన వైపు తిప్పింది.

"పైకి చదివి వెళ్లండి."

ఆయన పలక అందుకుని చదివాడు. "మీ బంధం ఆరోగ్యకరమైనది. పొరపాటు నాది. ఇకపై మీరు ఫిరోజ్‌ను ఎప్పుడైనా చూడవచ్చు."

"మళ్లీ చదవండి," అంది ఉజ్వల.