తొలిజ్వరం

ఎడం రెక్క కింద వెల్లకిలా పడుకుని, నూకరత్నం ఆఖరి మైనపు అచ్చును జోడు పొట్టకు ఆనించి చూసింది. అచ్చులో ఉన్నది ఒక సొట్ట. ఎప్పుడో ఏ విమానాల రేవులోనో రాయి ఎగిరి తగిలిన గుర్తు. అసలు విమానం మీద అది కొబ్బరిచిప్పంత ఉంటుంది. దానికి నాలుగో వంతు నకలైన ఈ జోడు మీద రూపాయి బిళ్ళంత ఉండాలి. చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసింది, వేలితో తడిమింది, ఇంకో దెబ్బ వేసింది. గాయం దిగింది. లేచి కూర్చుని చూసుకుంటే చేయి ఇంకా వణుకుతోంది.

ఈ వణుకు ఇవాళ్టిది కాదు. ఇంతకు ముందు ఆమె కట్టినవన్నీ సరుకు పిట్టల జోడులు, చంకలో పెట్టుకుని నడవగలిగినంతవి. మందులూ టపా ఉప్పు మూటలూ మోసే, మనిషి ఎక్కని చిన్న విమానాలవి. వాటిలో ఒకటి పోయి సముద్రంలో పడితే తిట్లు తింటాం, అంతే. ఇది అలా కాదు. ఇది మనుషులెక్కే బండి జోడు. రెక్కలు బిగించాక గాలిశాలలో ఈ గోడ నుంచి ఆ గోడదాకా పరుచుకుంది. తోక మీద పని చేయాలంటే నిచ్చెన వేసుకోవాలి. దీని అస్థిపంజరాన్ని మొదటిసారి నేలమీద పరిచిన రోజు నుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు.

పెద్ద బండి మొదటిసారి కట్టే ప్రతివాళ్ళకూ ఇది వస్తుందట. దానికి తొలిజ్వరం అని పేరు కూడా పెట్టారు. పేరు పెట్టేశాక ఇంక ఎవరూ దాన్ని పట్టించుకోనక్కర్లేదు కదా. భోజనాల దగ్గర ఆమె ముద్ద మింగలేక కూర్చుంటే, ఇవాళ జ్వరం ఎంతుందమ్మా అని తోటివాళ్ళు నవ్వేవారు. నవ్వండి, ఏం పోయింది. ఆ నవ్వేవాళ్ళెవరూ ఈ విమానం ఎక్కరు.

ఎక్కేవాడు గౌరినాయుడు.

కొత్త విమానాలు చేసే కార్ఖానాలు మూతపడి ఒక తరం దాటింది. ఉన్న ముసలి విమానాలే అతుకులతో, చీలికలతో తిరుగుతున్నాయి. ఏది ఏ గాలికి ఆగుతుందో తేల్చేది గాలిశాల, మాట్లాడే యంత్రం. దారిలో ఎదురయ్యే గాలిని ముందే లెక్కకట్టి జోడు మీదికి వదులుతుంది. జోడు నిలిస్తే విమానం లేస్తుంది, విరిగితే లేవదు. మధ్యలో మనిషి మాటకు చోటు లేదు. పూర్వం ఉండేదట. అప్పుడు పైవాళ్ళ ఒత్తిడికి తలవంచి ఎగరనిచ్చిన విమానాలు ఎన్ని కూలాయో పాతవాళ్ళు కథలు కథలుగా చెబుతారు. అందుకని మనిషి నోరు మూయించి అధికారమంతా జోడుకే ఇచ్చారు. బాగానే ఉంది. ఆ జోడును కట్టేది మళ్ళీ మనిషే అన్న సంగతి మాత్రం ఎవరూ తలుచుకోరు, తలుచుకుంటే నిద్ర పట్టదు కాబట్టి.

శాలకు ఎన్ని కళ్ళున్నా వెంట్రుకవాసి చీలికలు కనబడవు. విమానం ఒళ్ళంతా చేత్తో తడిమి, ప్రతి గాయానికీ మైనం అద్ది అచ్చు తీసేవాడు కొలతగాడు. ఆ అచ్చులు చూసి అవే గాయాలను జోడు మీదికి దించేది కట్టేవాళ్ళు. కొత్త జోడు గాలికి నిలిచిన రోజున కొలతగాడు ఆ విమానంలో వెళ్ళాలి. ఇది ఎక్కడా రాసిపెట్టిన నిబంధన కాదు, ఆనవాయితీ. ఎవడి కొలతను నమ్మి జనం ఎక్కుతారో వాడు ముందు ఎక్కి కూర్చోవాలని. గౌరినాయుడు చాలాసార్లు ఎక్కాడు, చాలాసార్లు దిగాడు. పిట్టల కాలం నుంచీ నూకరత్నానికి పని నేర్పినవాడు అతనే. ఆమె నోట బాబాయ్ అన్న పిలుపే తప్ప అతని పేరు రాదు.

సొట్టతో గాయాలన్నీ దిగిపోయాయి. నిచ్చెనా సుత్తీ మైనమూ బయటికి మోసుకొచ్చి, తలుపు చేరవేసి, అద్దాల గదిలో కూర్చుంది నూకరత్నం. "ద్వీపాల దారి. వానాకాలపు గాలి. మొదలు," అంది శాల తాపీగా.

గాలి సన్నగా మొదలై జోరందుకుంది. జోడు రెక్కలు కాస్త పైకి లేచి, సర్దుకుని, నిలిచాయి. చూడముచ్చటగా ఉంది. ఎవరు చూసినా శెభాష్ అంటారు. ఆమె మాత్రం అద్దం దగ్గరికి జరిగింది. ఏదో లేదు. ఏది లేదో అంతు చిక్కడం లేదు. ఒక్కో గాలి తాకిడీ దాటుతున్నకొద్దీ ధైర్యం రావాల్సింది పోయి భయం పెరుగుతోంది.

అంతలో గౌరినాయుడు రేవులో ఆగి ఉన్న విమానంలోంచి ఫోన్‌లో మాట కలిపాడు. కిటికీ పక్కన సీటు దొరికిందని చెప్పాడు. పక్కన ద్వీపాల ఆసుపత్రిలో చేరబోతున్న నర్సమ్మ కూర్చుందట, తన నడుం నొప్పికి అప్పుడే మందు చెప్పేసిందట. వెనక సీటులో చంటిపిల్ల ఒకతి ఏడుపు లంకించుకుంది, అది ఇక్కడిదాకా వినిపిస్తూనే ఉంది. బండి నిండిపోయిందని, తలుపులు వేసేశారని, శాల తీర్పు రావడమే తరువాయని అన్నాడు.

"ఏటమ్మీ, మన ముసిల్దాని జోడు అక్కడ మూలుగుతోందేటి?" అని అడిగాడు. "ఇక్కడైతే సముద్రం గాలికే ఎడం రెక్క మొదట్ల మూలుగుడు ఎత్తుకుంది. అచ్చం మా అత్తే."

నూకరత్నం అద్దానికి చెవి ఆనించింది. గాలి హోరు వినిపించింది. తాళ్ళు పురి బిగుసుకున్నట్టు తోక దగ్గర కిర్రుమన్న చప్పుడు వినిపించింది. మూలుగు లేదు.

ఉండి తీరాలి.

ఎడం రెక్క మొదట్లో చీలిక. గాయాలన్నిటిలోకీ పెద్దది అదే. గాలి ఆ చీలికలోంచి దూరితేనే మూలుగు వస్తుంది. దాన్ని అన్నిటికన్నా ముందు దించింది, అచ్చును మళ్ళీ మళ్ళీ సరిచూసుకుంటూ. ఆ తర్వాతే రెక్కను ఒంటికి బిగించింది. బిగించాక అతుకు దగ్గర సన్నటి సందు కనబడింది. ఆ సందును చూసి హడలిపోయింది. ఇంత పెద్ద రెక్క, తన చేతులతో బిగించినది, ఊడి వచ్చేస్తే? లప్పం తెచ్చి సందులో కూరింది. చాలదేమోనని ఇంకాస్త అటూ ఇటూ రాసింది. పిట్టల పనిలో చేతికి పట్టుబడిన విద్య అది. లప్పం పెట్టాలి, వేలికి ఏమీ తగలనంత వరకూ గరుకు కాగితంతో రుద్దాలి, రంగు వేయాలి. అతుకు ఎక్కడుందో కనబడకుండా చేస్తేనే పనిమంతురాలని పేరు. ఆ రోజు రుద్దింది, రుద్దింది, భయం తగ్గేదాకా రుద్దింది. అతుకుకూ చీలికకూ మధ్య ఉన్నది జానెడు దూరం. ఆ జానెడు దాటి చేయి పోయి, చీలికను కూడా పూడ్చేసిందా?

పోయిందనిపించింది. లేదు, అక్కడే ఆపాననిపించింది. ఆ రోజు తన చేతులు ఏం చేశాయో ఇప్పుడు తనకే తెలియడం లేదు. చిన్న జోడులకు ప్రాణం పోసిన అలవాటే పెద్ద జోడు దగ్గర ప్రాణం తీస్తుందని ఆమెకు ఎవరు చెప్పాలి?

గాలిశాలలన్నిటికీ పెద్ద మార్తమ్మ. నూకరత్నం ఆమెకు ఫోన్ చేసి, మాట తడబడుతూ అంతా చెప్పింది. మార్తమ్మ కసురుకునే మనిషి కాదు. ఓపిగ్గా విన్నది. గాలి మొదలయ్యాక మన మాట చెల్లదని తెలుసు కదా అంది. అభ్యంతరం ఉంటే విమానం ద్వీపాల్లో దిగాక వింటారంది. మొదటి బండి కట్టిన ప్రతివాళ్ళూ ఈ వేళకు ఏదో ఒకటి అనుకుంటారని, ఇంతవరకూ ఒక్కటీ నిజం కాలేదని చెప్పింది. "మంచినీళ్ళు తాగి కళ్ళు మూసుకు కూర్చో తల్లీ. దానంతట అదే తగ్గుతుంది," అంది చివరికి, ఆప్యాయంగానే.

ఆ ఆప్యాయతే కొంప ముంచింది. కోప్పడి ఉంటే నూకరత్నం ఎదురు తిరిగేదేమో. ఇప్పుడు ఇది నిజంగా జ్వరమేనేమో అన్న అనుమానం పట్టుకుంది. అద్దం అవతల జోడు ఇంకో తాకిడి దాటింది. మరికొన్ని దాటితే తీర్పు వస్తుంది. తీర్పు వస్తే విమానం కదులుతుంది. ఆ రెక్క నిజంగా వానాకాలపు గాలిలోకి వెళుతుంది, చీలికతో, బాబాయితో, ఏడుస్తున్న ఆ పిల్లతో.

గౌరినాయుడితో చెప్పేసింది. అతను వేళాకోళం మానేశాడు.

"దిగిపో బాబాయ్," అంది. "కడుపునొప్పని సెప్పు. తలుపు తీస్తారు."

"నాను దిగిపోతే ఈ పిల్లేటవుతాది?" అన్నాడు.  అతనికీ భయమేసిందని ఆమెకు తెలిసింది. "అమ్మీ, ఇది నీ జొరమా, నిజిమా? అది సెప్పు."

"తెల్దు బాబాయ్. సెయ్యెట్టి సూస్తే గాని తెల్దు."

"అయితే సెయ్యెట్టు," అన్నాడు.

శాల తలుపుకు గడియ లేదు. గాలి నడుస్తుండగా లోపలికి పోయే పిచ్చివాళ్ళు కూడా ఉంటారని ఆ తలుపు చేసినవాడికి తోచి ఉండదు. లప్పం గీకే రేకును గుప్పిట్లో పట్టుకుని, భుజంతో తలుపు నెట్టింది నూకరత్నం. గాలి ఆమెను గోడకేసి కొట్టింది, వెంటనే ఆగిపోయింది. "లోపల మనిషి. బయటికి రావాలి," అంది శాల. మళ్ళీ అదే మాట అంది. చెవులు గింగురుమంటున్నాయి.  ఇన్నాళ్ళుగా పొద్దస్తమానం దాని కిందే పడి దొర్లిన మనిషికి, ఇప్పుడా జోడు దగ్గరికి వెళ్ళాలంటే భయమేసింది. గోడ పట్టుకుని, ఆ పైన రెక్క పట్టుకుని, దాని మొదలుదాకా నడిచి చేయి పెట్టింది.

నున్నగా ఉంది.

మళ్ళీ తడిమింది. గాజులా ఉంది. ఎక్కడా గోరు పట్టదు. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎక్కడ తప్పు చేస్తానోనని ఇన్నాళ్ళూ భయపడింది. చేసేశానని తెలిశాక వచ్చిన భయం ముందు అదెంత. 

రేకు మొనతో రంగు చీల్చి లప్పం గీకింది. పొడి రాలింది, చీలిక మొదలు కనబడింది. దాని వెంటే పోయింది. చివరికొచ్చాక చేయి ఆగనంది. ఇంకొంచెం లోతుగా గీస్తే చాలు, రెక్క తప్పకుండా విరుగుతుంది, బాబాయ్ తప్పకుండా దిగుతాడు. ఆ ఆశ ఆమెను గట్టిగానే లాగింది. కానీ అప్పుడది జోడు చెప్పిన మాట కాదు, తను చెప్పించిన మాట అవుతుంది. అలా చెప్పించినవాళ్ళ వల్లే కదా మనుషుల నోళ్ళు మూతపడ్డాయి. గౌరినాయుడు అచ్చులో ఎంత పంపాడో అంతవరకే తెరిచి, రేకు వెనక్కి తీసుకుని, తూలుకుంటూ బయటికి వచ్చింది.

గాలి మళ్ళీ లేచింది. ఈసారి ఎడం రెక్క మొదట్లోంచి సన్నటి మూలుగు బయలుదేరింది. నూకరత్నం ఫోన్ తీసి అద్దానికి ఆనించింది. "అదీ," అన్నాడు గౌరినాయుడు అవతల.  తాకిడి వెనక తాకిడి వచ్చింది. మూలుగు లావైంది. రెక్క నిలిచింది, మళ్ళీ నిలిచింది. నిలిస్తే అందరూ క్షేమం, విరిగితే అందరూ క్షేమం, అయినా ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

తర్వాతి తాకిడికి గుడ్డ చింపినట్టు చప్పుడైంది. ఎడం రెక్క మొదలంటా లేచిపోయి, గోడకు కొట్టుకుని, నేలమీద పడింది.

"జోడు విరిగింది. విమానం లేవదు," అంది శాల, అదే తాపీ గొంతుతో.

నూకరత్నం బాబాయ్ అని పిలిచింది.  అతనికి బదులు ఎవరో ఆడమనిషి, పక్క సీటు నర్సమ్మ కాబోలు, మాట్లాడింది. తలుపులు తీస్తున్నారని, అందర్నీ దిగమంటున్నారని, ఈ పెద్దాయన మాత్రం సీటులోంచి లేవకుండా ఏడుస్తున్నాడని, ఏమైందో మీకేమైనా తెలుసా అని అడిగింది. నూకరత్నం చంటిపిల్ల ఏడుపు వింటూ అలాగే నిలబడింది.

మార్తమ్మ వచ్చింది. ఆమెను చూడగానే నూకరత్నం, తన ఉద్యోగం పోయిందనే అనుకుంది. మార్తమ్మ తిన్నగా శాలలోకి వెళ్ళి, విరిగిన చోట వంగి, పక్కన రాలిన లప్పం పొడిని వేలితో అద్ది చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"లేదు మేడమ్. ముట్టుకున్నాకే తెలిసింది. ముందంతా భయమే."

మార్తమ్మ తలూపింది.  తను మొదటి బండి కట్టినప్పుడు తోక దగ్గర ఏదో తప్పు జరిగిందని మొత్తుకున్నానని, అప్పటి పెద్దలు మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చారని, తాగానని మెల్లగా చెప్పింది. ఆ జోడు ఇప్పటికీ పక్క శాలలోనే ఉంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా దాని తోక మీద చేయి వేయలేదు. పొద్దున కూడా అది గాలికి నిలిచింది. దాని విమానం ఈ వేళకు సముద్రం మీద ఉంది, నిండుగా మనుషులతో.

శాల గొంతూ, దానితో మాట్లాడే మనిషి గొంతూ అన్ని గదుల్లోనూ ఒకేసారి వినిపిస్తాయి. మార్తమ్మ తలెత్తి ఆ విమానాన్ని వెనక్కి తిప్పమంది.

"ఆ జోడు నిలిచింది," అంది శాల. "కారణం చెప్పండి."

"నాకు భయంగా ఉంది," అంది మార్తమ్మ.

అలాంటి కారణం తన దగ్గర లేదంది శాల. మళ్ళీ అడిగింది. మార్తమ్మ మళ్ళీ అదే చెప్పింది, గట్టిగా. చెప్పి, నూకరత్నం చేతిలోని రేకు తీసుకుని పక్క శాలవైపు నడిచింది. అద్దాల గదుల్లో తమ తమ జోడులను కాపలా కాస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. తమ జోడును తడిమి చూసుకోవడానికి ఎక్కడో ఎవరో తలుపు తెరిచారు, ఆ శాలలో గాలి ఆగింది. ఆ పక్క శాలలోనూ ఆగింది.