ముందు పలక మీద మనిషి

ఉదయం ఏడు కాకముందే కూతురు పడవను ఒడ్డుకు లాగించి, మోటారు ఊడదీసి, బోర్లా వేయించింది. అడుగున పట్టిన నాచును రేకుముక్కతో గీకింది. నీళ్ళలో తిరిగే ఫ్యాను రెక్క అంచు వంగినచోట ఆకురాయి పట్టింది. పట్నంలో మోటార్లు బాగుచేసే షెడ్డులో ఆమె మెకానిక్కు. వచ్చింది మాత్రం అమ్మను తనతో తీసుకుపోవడానికి. మర్నాడే ప్రయాణం, అమ్మ ఇక తిరిగి రావడం లేదు.

తండ్రి మెట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. అవతలి దీవిలోని ఇళ్ళకు సరుకులు చేరవేసే పడవ అది. మోకాళ్ళ నొప్పులని భార్య పడవ ఎక్కడం మానేసి రెండు నెలలైంది. అప్పటినుంచే, రెండు రోజులు రావలసిన పెట్రోలు ఒకటిన్నర రోజుకే అయిపోతోంది.

"హ్యాండిల్ చివరిదాకా తిప్పి తోలుతున్నావు నాన్నా. అలా తోలితే ఏ మోటారైనా తాగుతుంది."

"తాగుతున్నది మోటారే కదా, నేను కాదుగా. సంతోషించు."

లోపల బట్టలు సర్దుకుంటున్న తల్లి కిటికీలోంచి అంది. "ఆయనకి చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే. గోడైతే కాస్త నీడన్నా ఇస్తుంది."

మోటారు బిగించి, సరుకు ఎక్కించి, తండ్రీకూతుళ్ళు బయల్దేరారు. ఒడ్డు దాటగానే పడవ ముక్కు పైకి లేచింది. తోక నీళ్ళలో కుంగింది. మోటారు అరుస్తోంది గాని పడవ సాగడం లేదు. కూతురు మూటల మీదుగా పాకి, ముందు పలక మీద కూర్చుంది. ముక్కు దిగింది. హ్యాండిల్ తగ్గించమని చెయ్యి ఊపింది. తగ్గించినా పడవ ఇందాకటికంటే తేలిగ్గా పోయింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. తండ్రి ముఖంలో ఆశ్చర్యం లేదు.

మధ్యాహ్నం ఇంటికి రాగానే కూతురు నవ్వుతూ చెప్పింది.

"దొరికిందమ్మా. తప్పు మోటారుది కాదు, నీది. నువ్వు ముందు కూర్చుంటే నీ బరువుకు పడవ చదునుగా పోయేది. నువ్వు దిగిపోయావు, ముక్కు లేచింది."

చీర మడతపెడుతున్న తల్లి చెయ్యి ఆగింది.

"ఇది ఆయనకి తెలుసా?"

"తెలుసు" అన్నాడు తండ్రి. "అందుకేగా ముందుకెళ్ళి కూర్చో అనేవాణ్ణి."

పెళ్ళయిన వారానికి ఆమె ఆ మాట మొదటిసారి విన్నది. అతని పక్కన కూర్చోబోతే, తలెత్తకుండా 'ముందుకెళ్ళి కూర్చో' అన్నాడు. తనను దగ్గర భరించలేకే పంపాడనుకుంది. ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు అతనికి వీపు చూపించి కూర్చుంది. అదొక్కటే ఆమె తీర్చుకోగలిగిన కసి. మోకాళ్ళ నొప్పి నిజమే, అది సాకన్నదీ అంతే నిజం. ఆ అవమానం అసలు జరగనే లేదని ఇప్పుడు తెలిస్తే ఊరట కలగాలి. కలగలేదు. ఇన్నేళ్ళు మోసిన మూటలో ఏమీ లేదని తెలియడం, మోయడం కంటే కష్టంగా ఉంది.

"నేను పక్కన ఉంటే నీకు గిట్టదనుకున్నా."

"ఎవరన్నారలా?"

"ఎవరూ ఏమీ అనలేదు. అదే కదా నా ఏడుపు."

"పడవ తెలిసినవాళ్ళకి వేరే చెప్పాలా?"

"నేను పడవ తెలిసి రాలేదయ్యా. నిన్ను చేసుకుని వచ్చా."

కూతురు తండ్రి వైపు తిరిగింది.

"తెలిసినవాడివి, ముందు పలక మీద రెండు ఇసుక మూటలు పడేసుకోవచ్చుగా నాన్నా? ఇంత పెట్రోలు తగలేసే బదులు?"

అతను గోళ్ళలోని మడ్డి గీక్కున్నాడు.

"అక్కడ మూట పెడితే, ఇక నువ్వు రానక్కర్లేదని మీ అమ్మతో చెప్పినట్టుంటుంది."

"ఆ మాటైనా నాతో అన్నావా?" అంది తల్లి. మడతపెట్టిన చీరను తిరిగి దండెం మీద వేసింది. "రేపు నువ్వొక్కదానివే వెళ్ళమ్మా. నాకు ఈయనతో లెక్క ఇంకా తేలలేదు."

మర్నాడు కూతురు బస్సెక్కాక, ఆమె రెండు సంచుల నిండా ఇసుక నింపి ముందు పలక మీద పెట్టించింది. తను వెళ్ళి మోటారు దగ్గర, అతని పక్కన కూర్చుంది. అతను జరిగి చోటిచ్చాడు.

నీళ్ళ మధ్యకు వచ్చాక అడిగింది. "నా ముప్పై ఏళ్ళు ఎవడిస్తాడు?"

మోటారు హోరులో ఆ మాట ఆమెకే వినబడలేదు. అప్పుడు తెలిసింది. మొదటినుంచీ ఇక్కడే కూర్చున్నా ఏ మాటా వినబడేది కాదు. పక్క చోటంటూ తను ఇన్నాళ్ళూ ఊహించుకున్నది ఈ పడవలో ఎక్కడా లేదు. కళ్ళు నిండాయి.

ఆమె పెదాలు కదలడం చూసి అతను హ్యాండిల్ తగ్గించాడు. హోరు సన్నగిల్లింది.

"ఏమన్నావు?"

నెరిసిన వెంట్రుకలున్న అతని చెవి జానెడు దూరంలో ఉంది. ఆ మాట మళ్ళీ అనడానికి నోరు రాలేదు.

"ఏం లేదు. ఇలాగే నెమ్మదిగా పోనీ."