గోడవైపు కుర్చీ

రోమ్‌లోని ఆ పాత మేడలో కార్డినల్ ప్రోస్పెరో పటం మాయమై నాలుగు రోజులైంది. మూడున్నర శతాబ్దాలు గోడమీద ఎర్రటి మతగురువు అంగీలో వెలిగిన పెద్దమనిషిని చట్రంలోంచి కోసుకుపోయారు.

గురువారం, పదకొండు పది. ఇన్‌స్పెక్టర్ ఓర్తెన్సియాకు ఒళ్లు మండిపోతోంది.

వేలిముద్రలు లేవు. కెమెరా లేదు. ఉన్నదల్లా పగిలిన కిటికీ అద్దం. పన్నెండింటికల్లా నౌకరు నజ్జారేనోను అరెస్టు చెయ్యమని పై అధికారి మూడోసారి ఫోన్ చేశాడు.

నలభై ఒక్క ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న ముసలాయన. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఒక్కడే. భోంచేసి కునుకు తీశానంటాడు. దొంగలకు నిచ్చెన వేసిందీ, తలుపు తీసిందీ అతనేనని యజమాని, మార్కీజ్ బిరుదున్న ఫుల్వియో ఫిర్యాదు. తనేమో ఆ రోజంతా ఓస్తియా సముద్రతీరంలో చేపలు తింటున్నాడట.

విసుగెత్తి ఓర్తెన్సియా ఖాళీ చట్రం కింద గోడవైపు తిప్పి ఉన్న కుర్చీని లాగింది.

"అది వద్దు తల్లీ," అన్నాడు నజ్జారేనో. "పోపుగారిది. ఆయన వస్తే తప్ప దాన్ని ఇటు తిప్పం."

"తెలుసు తాతా."

తెలుసు కాబట్టే నాలుగు రోజులుగా ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఆమె తనను తానే తిట్టుకుంది. కుర్చీ తిప్పింది. ఎర్ర మఖ్మలు మీద బూటు అడుగు ముద్ర.

"నిచ్చెన ఎక్కడుంటుంది?"

"సామాన్ల గదిలో. తాళంచెవి నా మెళ్లోనే."

పదకొండు నలభైకి మార్కీజ్‌ను పిలిపించింది.

"దొరగారూ, నజ్జారేనో సాయం చేస్తే నిచ్చెన ఉండేది, కుర్చీ ఎక్కే పని లేదు. బయటి దొంగైతే ఎక్కి దిగి పారిపోతాడు. మళ్లీ గోడవైపు తిప్పి పెట్టడు. తాళంచెవి లేకుండా ఆ అలవాటు మాత్రం ఉన్నవాడు ఈ ఇంట్లో ఎవరు?"

ఫుల్వియోను బూట్లు విప్పమంది. ముద్ర సరిపోయింది. పటాన్ని దేశం దాటించి అమ్మడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదని, కారు డిక్కీలో చుట్టి దాచానని అప్పుడు నసిగాడు.

"తిప్పి పెట్టినట్టే గుర్తులేదు," అన్నాడు చివరికి.

నజ్జారేనో తల వంచుకున్నాడు. "బాబుగారు అయిదో ఏట దానిమీద ఎక్కి గెంతితే చెయ్యి పట్టుకుని నేనే నేర్పానమ్మా, దిగగానే తిప్పి పెట్టాలని."

ఫుల్వియోను జీపు ఎక్కించారు. ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. అలవాటుగా కుర్చీ దగ్గరికి వెళ్లాడు. సాక్ష్యం, ముట్టుకోవద్దని ఓర్తెన్సియా చెప్పాల్సి వచ్చింది.