పైపు మీద రెండు దెబ్బలు

మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మి సాయంత్రమైపోయింది. గాలికి ఎక్కడో తీగ తెగి వీధంతా కరెంటు పోయింది. చివరి ఇంటి పెరట్లో గ్యాస్ మిస్త్రీ గోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కొత్త జనరేటర్‌కి పైపు బిగిస్తున్నాడు. పెళ్ళికి పిలిచినా జేబులో పానా పెట్టుకుని వెళ్ళే రకం అతను.

పెరటికి ఆ మూల ప్రొపేన్ ట్యాంకు, దాని మెడ దగ్గర వాల్వు. ఈ మూల జనరేటర్. మధ్యలో గోడ వెంట ఇనప పైపు. పైపు పాతదే. ఒక ఇంట్లో ఇక వద్దంటే ఊడదీసి దాచుకున్నాడు, ఇవాళ అక్కరకొచ్చింది.

చూడ్డానికి పని ఇంతే. కానీ లోపలి గదిలో ముసలి దర్జీ ఆక్సిజన్ మిషను గొట్టం ముక్కుకి తగిలించుకుని పడుకుని ఉన్నాడు. ఆ మిషను బ్యాటరీ మీద నడుస్తోంది. ఎంత మిగిలిందో దర్జీ కోడలు మాటిమాటికీ వచ్చి చెప్పి వెళుతోంది. ఈసారి పరుగున వచ్చింది.

"ఇరవై నిమిషాలే చూపిస్తోంది అన్నా. మామయ్య నా చెయ్యి వదలడం లేదు."

అయిపోయిందమ్మా, పది నిమిషాల్లో వెలుగొస్తుందని చెప్పి పంపించాడు మిస్త్రీ.

నిజానికి ఇది ఇద్దరు చేసే పని. అతనూ బావా పదిహేనేళ్ళు అలాగే చేశారు. ఒకరు వాల్వు దగ్గర, ఒకరు జనరేటర్ దగ్గర. మధ్యలో గోడలు, గాలి, కుక్కల గోల. కేక వేస్తే వినపడదు. అందుకని పైపు మీద పానాతో కొట్టేవాళ్ళు. రెండు దెబ్బలంటే ఆగు. మూడంటే తెరువు. వీళ్ళిద్దరూ అన్నం కూడా కంచం మీద మూడుసార్లు కొట్టి అడుగుతారని అక్క నవ్వేది.

నిరుడు వానల్లో ఇలాంటి పెరట్లోనే గ్యాసు పేలింది. బావ చేతి రబ్బరు తొడుగు కరిగి పానాకి అంటుకుపోయింది. విడదీయలేక అలాగే మోసుకెళ్ళారు. మూడు దెబ్బలు విన్నాకే తెరిచానని మిస్త్రీ అక్కతో చెప్పాడు. అక్క నమ్మింది. తొందరపడి ప్రాణం పోగొట్టుకున్నాడని మొగుణ్ణే తిట్టుకుంటూ ఏడ్చింది.

మిస్త్రీ విన్నది రెండే. ఇంకో పనికి ఆలస్యమవుతోందని, బావ నాన్చుతున్నాడని విసుగొచ్చి, మూడోది ఎలాగూ కొడతాడులే అని తిప్పేశాడు. అప్పటి నుంచి ఎవర్నీ తోడు పెట్టుకోలేదు.

చివరి జాయింటు బిగించాడు. ముందు కాస్త గ్యాసు వదిలి, జాయింట్లకి సబ్బునీళ్ళు రాసి, బుడగ రాలేదని చూసుకున్నాకే జనరేటర్ స్విచ్ వెయ్యాలి. బుడగ వస్తే లీకు. ఇరవై నిమిషాలు గుర్తొచ్చి ముందే స్విచ్ వేసేశాడు. జనరేటర్ తనంతట తాను స్టార్టు కావాలని గరగరలాడుతోంది. అతను పరుగున వెళ్ళి వాల్వు మీద చెయ్యి వేశాడు.

ఠంగ్. ఠంగ్.

పైపు వణికింది. జనరేటర్ దగ్గర ఎవరూ లేరు. గాలికి ఏ కొమ్మో తగిలిందనుకుని పావు వంతు తిప్పాడు. గ్యాసు బుస్సుమంది. దాని వాసనతో పాటు ఇంకో వాసన... కాలిన రబ్బరు.

ట్యాంకు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. సగం కరిగిన తొడుగు. దానికి అతుక్కుపోయిన పానా.

ఆ చెయ్యి అతని వేళ్ళని పైపు మీద పరిచింది. పానా లేచింది. చిటికెన వేలు ఎముక విరిగిన చప్పుడు అతనికి ముందు వినపడింది. నొప్పి తర్వాత వచ్చింది.

"ఎన్ని?"

"మూ..."

మళ్ళీ దిగింది. ఉంగరపు వేలు. నెత్తురు పైపు మీద చిమ్మింది.

"ఎన్ని రా?"

"రెండు... రెండే బావా."

"మీ అక్కకి?"

మిస్త్రీ ఏడ్చేశాడు. "మూడని చెప్పాను."

ఆ చెయ్యి వాల్వు కట్టేసింది. మెడ పట్టి, చెంప గోడకి గీసుకుపోయేలా జనరేటర్ దాకా ఈడ్చింది. ముఖాన్ని జాయింటు మీదికి వంచింది. ఆ ఈడ్పులో సబ్బునీళ్ళ సీసా పగిలి నీళ్ళు జాయింటు మీద కారుతున్నాయి. అక్కడ నిమ్మకాయంత బుడగ ఉబ్బుతోంది. జానెడు దూరంలో జనరేటర్ గరగర...

మిస్త్రీ మోచేత్తో స్విచ్ ఆపాడు. మెడ మీద పట్టు వదిలింది.

గ్యాసు వాసన గాలికి కొట్టుకుపోయేదాకా ఆగాడు. ఎడమ చేత్తో జాయింటు బిగించాడు. పావు వంతు తెరిచి, సబ్బునురుగు రాసి చూసుకుని, కట్టేశాడు. స్విచ్ వేసి, పాక్కుంటూ వాల్వు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. తెరవలేదు. ఆగాడు.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

తెరిచాడు. జనరేటర్ అందుకుంది. కిటికీలో లైటు వెలిగింది. బ్యాటరీ అయిపోయిన క్షణానే కరెంటొచ్చిందని, మామయ్యకి ఊపిరి అందుతోందని కోడలు లోపల్నుంచి ఏడుపు గొంతుతో చెప్పింది.

జేబులో ఫోను మోగింది. అక్క.

"ఒరేయ్, మా వంటింటి గోడలో పైపు మీద ఎవరో కొడుతున్నారు రా. మీ బావ కొట్టినట్టే. రెండు కొట్టి ఆగుతున్నారు."

అతను ఫోను చెవికి అదిమిపట్టాడు.

"ఆయన పోయాక గ్యాసు వాసన పడటం లేదంటే ఆ పైపు నువ్వే కదా పీకి పట్టుకెళ్ళావు? మరి దేని మీద కొడుతున్నారు?"

మిస్త్రీ నెత్తురంటిన పైపు వంక చూశాడు. ఇదే ఆ పైపు. అది అతని వేళ్ళ కింద వణికింది.

"ఇదిగో... ఒకటి," అంది అక్క.

మళ్ళీ వణికింది.

"రెండు."

వాల్వు తెరిచే ఉంది. కట్టేస్తే లోపల ముసలాయనకి ఊపిరి ఉండదు. జనరేటర్ హోరులో అక్క గొంతు బాగా తగ్గి వినపడింది.

"తమ్ముడూ... ఆ రోజు కూడా రెండేనా?"